ఏ నేల వేయిద్దాం

వాడు విన్నాడని ఫోన్ చేసింది నేనే. వినలేదని చెబుదామని ఇప్పుడు ఎన్నిసార్లు చేసినా ఆయన ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకూడదని పెళ్ళయిన కొత్తలో నేనే ఒట్టు వేయించుకున్నాను, ఆ ఒట్టు ఇవాళ నాకే ఎదురు తిరిగింది. మాదాపూర్ ఆఫీసులో ఏ మీటింగ్ మధ్యలో లేచి వచ్చేశారో, ఎవరికేం చెప్పారో, చెప్పే ఉంటారు, సంతోషం దాచుకోవడం చేతకాని మనిషి, గచ్చిబౌలి దగ్గర ఆ బండ్ల మధ్య ఇరుక్కుని కూడా హెల్మెట్ లోపల నవ్వుకుంటూ ఉంటారు. ఇక్కడ తెల్లాపూర్‌లో, తొమ్మిదో అంతస్తులో, ఇంకా తలుపులైనా బిగించని మా కొత్త ఫ్లాటు హాల్లో, ఒక ఖాళీ గోతాం పరుచుకుని కూర్చుని ఆయన ముఖం ఎలా మారబోతోందో నేను ముందే చూస్తున్నాను. రెండేళ్ళు దాటిన కొడుకు మొదటిసారి చప్పుడు విన్నాడని నమ్మి వస్తున్న తండ్రికి, కాదండీ, నేనే పొరబడ్డాను అని ఎక్కడ చెప్పాలి, లిఫ్టు దగ్గరే ఆపి చెప్పాలా, లోపలికి వచ్చి వాడిని పిలిచి వాడు తిరక్కపోతే అప్పుడు చెప్పాలా. మా ఆది మాత్రం నా వైపు వీపు పెట్టి, పనివాళ్ళు పారేసిన ప్లాస్టిక్ ముక్కలు ఏరుకొచ్చి ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటున్నాడు. వాళ్ళక్క రసజ్ఞ, ఒకటో తరగతి, పడగ్గది కాబోయే గదిలో దుమ్ము మీద వేలితో బొమ్మలు గీస్తోంది. అసలు నేను వచ్చిన పని నేల. ఈ బూడిద రంగు సిమెంటు మీద ఏం పరిపించాలో చెప్పడానికి వచ్చాను.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, కట్టి అమ్మేవాడి దగ్గర కొని చూడు అనలేదు, అది ఇంకా కష్టం. సోమవారం మా అంతస్తులో నేల పని మొదలవుతుందట, ఏ రకం కావాలో ఈ సాయంత్రంలోగా చెప్పకపోతే అందరికీ వేసిందే మాకూ వేసేస్తారట. సైటు ఇంజనీరు దినేష్ నాలుగు శాంపిల్ పలకలు గోడకు ఆనించి, చూసుకోండి మేడమ్ అని వెళ్ళిపోయాడు. నేలను గోడకు నిలబెట్టి చూపిస్తే ఏం తెలుస్తుంది. తెల్లగా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైలు ఆయనకు నచ్చింది, తలుపంత పెద్దది, అతుకులు తక్కువ, ఫొటోలో హాలు విశాలంగా కనిపిస్తుంది అంటారు. ఫొటోలో కాపురం చేస్తామా అన్నాను. అత్తయ్యగారికి పాలరాయి కావాలి. బకెట్టెడు నీళ్ళు గుమ్మరించి చీపురుతో బరబరా తోస్తేగానీ ఆవిడకు ఇల్లు కడిగినట్టు ఉండదు, పాలకొల్లు వదిలి ప్రగతి నగర్‌లో మా అద్దె ఇంటికి వచ్చాక కూడా ఆ శుక్రవారం కడుగుడు మానలేదు, కడిగిన ప్రతి శుక్రవారం మా రసజ్ఞ జారి పడటమూ మానలేదు. నాకేమో గరుకు టైలు నచ్చింది, తడిసినా కాలు జారదు, దాని ఫొటో చూపిస్తే అత్తయ్యగారు బాత్రూములా ఉందమ్మా అన్నారు. రసజ్ఞకు గులాబీ రంగుది కావాలి, అది నాలుగింటిలోనూ లేదు. నాలుగోది నల్ల గ్రానైట్, పాపం దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ నేల మంచిదని ఈ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అడిగాను, బుద్ధి తక్కువై. రాయి చలవ అన్నారొకరు, చలవ కాదు జలుబు అన్నారు ఇంకొకరు, తివాచీ పరవండి అని ఒకావిడ, తివాచీ పరిస్తే దగ్గు అని ఆవిడ భర్తే, ఇంతలో ఎవరో సూర్యోదయం బొమ్మతో శుభోదయం పంపారు. ఆ గ్రూపు సంగతి అంతే.

మేం పెరిగింది నాపరాళ్ళ మీద. ధవళేశ్వరంలో ఇరిగేషన్ క్వార్టర్లు, మా నాన్న సీతారామయ్య గారు ఆ ఆఫీసులో గుమాస్తా. రాళ్ళ సందుల్లోంచి చీమలు వచ్చేవి, సుద్దముక్కతో గీసిన అష్టాచమ్మా గళ్ళు వారం దాకా చెరిగేవి కావు, వేసవిలో చాప కూడా లేకుండా వెల్లకిలా పడుకుంటే వీపుకు ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడూ ఒంటికి తెలుస్తోంది. నేల మంచిదా కాదా అని మమ్మల్ని ఎవరూ ఎంచి పెంచలేదు, పడ్డాం, లేచాం, మోకాలికి పసుపు అద్దించుకున్నాం. నేనిలా పలకల ముందు తల బద్దలు కొట్టుకుంటున్నానని తెలిస్తే మా అమ్మ నవ్వుతుంది. కానీ అమ్మకు ఉన్నది కేకేస్తే ఆగే పిల్లలు. అటు పోకు, గంజి వార్చాను అని పెరట్లోంచి అరిస్తే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. తడి ఉంది చూసుకో అని నేను వంటింట్లోంచి అరిస్తే రసజ్ఞ ఆగుతుంది, ఆది ఆగడు. నా గొంతు వాడి దాకా వెళ్ళదు. ఆ సంగతి ఖాయంగా తెలిసి వారమైంది.

వాడిని నిద్రపుచ్చి తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. రెండు చెవులూ అన్నారు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దాం, వాటితో లాభం లేకపోతే ఆపరేషన్, ఆ తర్వాత వినడం నేర్పించాలి, వినడం కూడా నేర్చుకోవలసిందే అంది. ఆయన ప్రతి మాటకూ తల ఊపారు, బయటికి వచ్చి, ఇంకో చోట చూపిద్దాం అన్నారు. అత్తయ్యగారికి రిపోర్టు సంగతి చెప్పలేదు. చెవుడు అన్న మాట మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరి నోటా రాలేదు. మగపిల్లలకు మాటలు ఆలస్యం అన్న మాట మాత్రం ఏడాదిగా రోజూ వస్తోంది. ఈ ఊళ్ళో ప్రతివాళ్ళకీ ఒక పిల్లాడు ఉంటాడు, అక్క కొడుకో తమ్ముడి కొడుకో, నాలుగేళ్ళ దాకా నోరు విప్పనివాడు. ఇందాక గదులు ఊడ్వడానికి వచ్చిన లచ్చమ్మకూ ఉన్నాడు. ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా, మా అక్క కొడుకు గిట్లనే నాలుగేండ్ల దాంక మాట్లాడకపాయె, ఇప్పుడు ఊకోమంటే ఊకోడు అంది. ఆ పిల్లలందర్నీ ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది నాకు. అయినా లచ్చమ్మ మీద కోపం రాలేదు, వాడి ఒంటి మీద దుమ్ము తన కొంగుతో దులిపి, సిమెంటు మీద ఎందుకమ్మా, ఆ చెక్క మీద కూసోబెట్టు అని చెప్పి వెళ్ళింది.

ఆ చెక్క దగ్గరే వచ్చింది చిక్కంతా. కరెంటు పనివాళ్ళు కూర్చుని అన్నాలు తినడానికి మూలల్లో ఇటుకలు పెట్టి పైన ప్లైవుడ్ పరుచుకున్నారు, జానెడు ఎత్తు కూడా ఉండదు. ఆదిని దాని మీద కూర్చోబెట్టి నేను పలకలు చూస్తున్నాను. రసజ్ఞ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి వాడి వెనక దబ్బున గెంతింది. వాడు తిరిగాడు. తిరిగి, అక్కను చూసి నవ్వాడు. మళ్ళీ గెంతు అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది. గెంతింది, తిరిగాడు. నీడ చూసి తిరుగుతున్నాడేమోనని వాడిని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాను. అయినా తిరిగాడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఏదైనా పనిచేసిందంటే ఎందుకు పనిచేసిందో తేల్చుకోకుండా బాగుందని రాయను, ఆ గుణం వల్ల ఆఫీసులో నాకు స్నేహితులు తక్కువ. అలాంటిదాన్ని ఆ ఒక్క పరీక్షతో సరిపెట్టుకుని ఫోన్ తీసి, విన్నాడండీ, మన ఆది విన్నాడండీ అని ఏడ్చాను. అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ సంతోషం ఇంకాస్త కావాలనిపించి, సిమెంటు మీదే నిలబడి చప్పట్లు కొట్టాను. ఆదీ అని పిలిచాను. ఇనుప గొట్టం తీసుకుని గోడ మీద కొట్టాను, రసజ్ఞ చెవులు మూసుకుంది. వాడు ఆ చెక్క మీద ముక్కలు పేర్చుకుంటూనే ఉన్నాడు.

"అలా కాదమ్మా," అంది రసజ్ఞ, మామూలుగా. "తమ్ముడిని పిలవాలంటే వాడు కూర్చున్నదాని మీద గెంతాలి. ఇంట్లో మంచం మీద నేను అలాగే పిలుస్తాను."

మంచం మీద గెంతకే అని దాన్ని రోజూ కసురుతాం, పరుపు పాడవుతుందని, మంచం కిర్రుమంటోందని. పెద్దవాళ్ళం ముగ్గురం గొంతులు చించుకుంటుంటే వాడిని పిలిచే దారి కనుక్కున్నది అదొక్కతే, అదీ ఎవరూ చెప్పకుండా, తిట్లు తింటూ. దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంటే, ఎందుకమ్మా ఏడుస్తున్నావు, గులాబీ రంగు దొరకలేదా అంది.

ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, మా ఆయన బండెక్కే ముందే వాళ్ళమ్మకు చెప్పేశారు. అత్తయ్యగారి ఫోన్ వచ్చింది. మా వైపు పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు పంచుతారు. ఆదికి బొబ్బట్లూ అరిసెలూ ఆవిడ చేతులతోనే చేశారు. నేల మీద బట్ట పరిచి అరిసెలు వరుసగా పెట్టి, వాడి రెండు చేతులూ పట్టుకుని వాటి మీద నడిపించారు, ఒక్కటీ విరగలేదు, మహారాజు నడక అని మురిసిపోయి ఆ అరిసెలు వీధంతా పంచారు. చిలకలు మాత్రం ఏడాదిగా ఆగిపోయాయి. విన్నవాడు రేపో మాపో పలుకుతాడు అమ్మాయ్, పాలకొల్లులో మా వాళ్ళకు చెప్పి చిలకలు పోయించి బస్సులో వేయించమంటాను అంటున్నారు, ఆవిడ గొంతు వణుకుతోంది. రాజరాజేశ్వరి గారి గొంతు వణకడం నేను వినడం ఇదే మొదలు, మామయ్యగారు పోయినప్పుడు కూడా వణకలేదు. మేం చెప్పకపోయినా అనుమానం ఆవిడకూ ఉన్నట్టుంది. మీ అబ్బాయిని రానివ్వండి అత్తయ్యగారూ, ఇప్పుడే ఎవరికీ చెప్పకండి అన్నాను. ఆవిడ సరే అన్నారుగానీ ఆ సరే నేను నమ్మలేదు.

ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కళ్ళ ముందే జరిగాయి. పోయిన ఏడాది నర్సాపురం పెళ్ళికి వెళ్ళి గోదావరి దాటుతుంటే వాడిని పంటు పడవ చెక్కల మీద కూర్చోబెట్టాం, ఇంజను మొదలవగానే రెండు అరచేతులూ చెక్కకు ఆనించి కిలకిలా నవ్వాడు, నీళ్ళను చూసి అనుకున్నాం. బట్టలుతికే మిషన్ గిరగిరా తిరిగేటప్పుడు దానికి చెంప ఆనించి నిలబడతాడు, వెచ్చగా ఉందని అనుకున్నాం. ఈ సిమెంటు మీద ఏనుగు నడిచినా వాడికి తెలియదు, దీనికి పాలరాయి అంటించినా టైలు అంటించినా అంతే, అవి కిందికి అతుక్కుపోయి కదలవు మెదలవు. చెక్క అయితే, కింద సన్నటి బద్దలు పరిచి కాస్త ఖాళీ ఉంచి పైన పలకలు బిగిస్తే, నేను వంటింట్లోంచి వచ్చేది వాడికి ఒంటితో తెలుస్తుంది. ఇందాకే దినేష్‌కు ఫోన్ చేసి అడిగాను, చెక్క మేం వెయ్యం మేడమ్, గచ్చు ఇడిసిపెడ్తం, మీరే వేయించుకోర్రి అన్నాడు. వేయించుకోవచ్చు, కానీ దాని మీద నీళ్ళు పోసి కడగకూడదు, వాడు ఉచ్చ పోస్తే పరుగెత్తి తుడవాలి, లేకపోతే ఉబ్బుతుంది, చెదల మందు కొట్టించాలి, కింది ఫ్లాటు వాళ్ళు చప్పుడని గొడవకు వస్తారు, అత్తయ్యగారి శుక్రవారం బకెట్టు ఏమవుతుంది. పోనీ వంటింట్లోనూ దేవుడి గదిలోనూ రాయి వేయిస్తే అక్కడ ఆవిడ తనివితీరా కడుక్కుంటారు.

ఇవన్నీ సర్దుకునేవే, ఆయన ఏమంటారో అదే సర్దుకునేది కాదు. ఆపరేషన్ చేయిస్తే వినిపిస్తుందిగా, అప్పుడీ చెక్క ఎందుకు అంటారు. చెవిటి పిల్లాడి కోసం ఇల్లు కట్టుకుంటామా అని పైకి అనరు, కానీ ఆ తెల్లటి టైలు మీద అంత పట్టు అందుకే, ఆ అద్దం లాంటి హాల్లో ఏ లోటూ లేని నలుగురం నిలబడి ఉంటాం ఆయన ఊహలో. ఆ ఊహ నాకు మాత్రం లేదా, ఇందాక ఫోన్లో ఏడ్చింది అదే కదా. కానీ చెవికి ఏ మిషన్ పెట్టినా స్నానానికి తీయాలి, పడుకునేటప్పుడు తీయాలి, పీడకల వచ్చి లేచి కూర్చున్నప్పుడు అమ్మ వస్తోందని వాడికి తెలియవద్దా. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, గట్టి నున్నటి గదుల్లో మాట గోడకూ నేలకూ కొట్టుకుని చెదిరిపోతుంది, మిషన్ పెట్టుకున్న పిల్లలు దాన్ని పట్టుకోలేరు, ఇంట్లో పరుపులూ పరదాలూ ఎక్కువ వాడమని. ఆ రోజు అది నా తలకెక్కలేదు. అంటే చెక్క వేయించుకున్నంత మాత్రాన ఆశ వదులుకున్నట్టు కాదు. ఈ మాట ఆయనకు ముందు చెప్పాలి, వాడు వినలేదన్న మాట తర్వాత చెప్పాలి, కాదు, అలా చెబితే మోసం చేసినట్టు ఉంటుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. లిఫ్టు కోసం ఆగలేదు, తొమ్మిది అంతస్తులూ ఎక్కి వచ్చారు. చేతిలో హెల్మెట్, మెడలో ఆఫీసు కార్డు, రొప్పుతున్నారు, ముఖమంతా నవ్వు. నా వైపు చూడనేలేదు. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆదీ అన్నారు. వాడు ముక్క పక్కన ముక్క పెట్టాడు. ఆదీ, నాన్నా, ఇటు చూడమ్మా అన్నారు, గొంతు పెంచి. వాడి వీపు కదల్లేదు. ఇంకోసారి పిలవబోయి, నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండి, నా వైపు తిరిగారు.

"విన్నాడన్నావుగా ఉమా."

"వినలేదండీ. చెక్క అదిరితే తిరిగాడు. నేనే తొందరపడ్డాను."

కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండేది. సిమెంటు మీద అలాగే చతికిలబడ్డారు. నేను చెప్పుకుంటూ పోయాను, మంచం, పంటు, బట్టల మిషన్, డాక్టరమ్మ మాట, హాల్లో చెక్క, వంటింటికీ దేవుడి గదికీ రాయి, ఏది ముందో ఏది వెనకో లేకుండా. బూట్లు విప్పి ఒక్కసారి ఆ ప్లైవుడ్ ఎక్కండి అన్నాను. ఆయన కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకు తెలుసు. నోటితో పిలిచినంతకాలం వాడు ఏదో ఒక రోజు తిరుగుతాడు. కాలితో పిలిస్తే వాడికి వినపడదని మన కాలే ఒప్పుకున్నట్టు.

"ఆపరేషన్ చేయిద్దాం కదా," అన్నారు.

"చేయిద్దాం. అప్పటిదాకా వాడిని ఎవరం పిలవమా?"

ఆయన నన్ను చూశారు, వాడిని చూశారు. బూట్ల తాళ్ళు విప్పారు, మేజోళ్ళు తీసి బూట్లలో కుక్కారు. వెళ్ళి వాడి వెనక ప్లైవుడ్ ఎక్కి, నిద్రపోతున్న పిల్లలున్న గదిలోకి అడుగు పెట్టినంత మెల్లగా కాలు ఆనించారు. ఆది చేతిలో ముక్క వదిలేశాడు. తిరిగి, తల పైకెత్తి, వచ్చింది నాన్న అని చూసి, రెండు చేతులూ చాచాడు. ఆయన గభాలున ఎత్తుకుని వాడి మెడలో ముఖం దాచుకున్నారు. ఆయన భుజాలు అదురుతుంటే వాడు ఆ భుజం మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.

దినేష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సార్ గూడ వచ్చిండ్రా, మంచిగైంది, ఏది ఫైనల్ చేసిండ్రు అని అడిగాడు. నేను ఆయన వైపు చూశాను, ఆ మాట ఆయనే చెప్పాలి. ఆయన ముఖం ఎత్తకుండానే, హాలూ గదులూ గచ్చు వదిలేయండి, చెక్క వేయించుకుంటాం, వంటింటికీ దేవుడి గదికీ అమ్మ అడిగిన రాయి వేయండి అన్నారు. ఆ తర్వాత నాతో, చిలకల సంగతి అమ్మకు నేను చెబుతాను, రిపోర్టు సంగతి కూడా అన్నారు. దినేష్ రాసుకుని, నాలుగు పలకలూ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వెళ్దామా అన్నాను. ఉండు అన్నారు. వాడిని మళ్ళీ ఆ చెక్క మీద కూర్చోబెట్టి, ముఖం కిటికీ వైపు తిప్పి, వెనక్కి వచ్చి, ఇంకోసారి కాలు మోపారు, ఈసారి గట్టిగా, పేరు పెట్టి పిలిచినట్టు.